మందు ఇచ్చే చేతికి మళ్ళీ చదువు

ఫార్మసిస్టులను ఐదేళ్ళలో రెండు రోజులు చదువుకోమంటోంది చట్టం. నల్లమల అంచున, దవాఖానకంటే ముందు జనం మెడికల్ షాపు మెట్లెక్కే అచ్చంపేటకు ఆ చదువు ఎలా రావాలి? ఎవరు తేవాలి?

2025 అక్టోబరు మొదటి పక్షాన్ని మెడికల్ షాపులో పనిచేసే వాళ్ళెవరూ మరిచిపోలేరు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు మందు తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడిపోయి ఒకరి వెంట ఒకరు చనిపోయారు. ఆ లెక్క ఇరవై దాటింది. తమిళనాడులో తయారైన కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. మందులో 0.1 శాతానికి మించకూడని విషం అది. ఎస్ఆర్-13 బ్యాచ్ సీసా ఎవరి దగ్గరున్నా వాడొద్దని, తమకు తెలపాలని తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వనే వద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకూ మామూలుగా వాడకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది.

ఆ కలవరం సద్దుమణగక ముందే, అక్టోబరు 14న మరో ఉత్తర్వు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో తయారుకాని ఏ పానీయం పేరులోనూ ‘ఓఆర్ఎస్’ అనే మాట ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ తేల్చి చెప్పింది. దీని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళ పోరాటం ఉంది. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు ఓఆర్ఎస్ అనుకుని తల్లులు తాగిస్తున్న డబ్బాల్లో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ ఉన్నాయని, వాటితో విరేచనాలు పెరుగుతాయే గాని తగ్గవని ఆమె చెబుతూనే వచ్చారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం కూడా వేశారు.

ఆ దగ్గు మందైనా, ఆ తీపి డబ్బా అయినా తల్లి చేతికి చేరేది మెడికల్ షాపు కౌంటర్ మీదినుంచే. పదిహేనేళ్ళ కిందట డిప్లొమా చదివిన ఫార్మసిస్టుకు ఈ సంగతులు ఏ పుస్తకమూ చెప్పి ఉండదు. టీవీలో చూసి తెలుసుకోవాలి, లేదా వాట్సాప్‌లో ఎవరో పంపితే తెలుసుకోవాలి. ప్రాణానికి సంబంధించిన కబురు చేరాల్సిన దారి ఇదేనా? ఫార్మసిస్టులకు, వాళ్ళ పక్కన పనిచేసే సహాయకులకు చదువు ఆగకుండా అందాలన్న మాట ఇక్కడినుంచే మొదలవుతుంది.

కౌంటర్ ముందు నిలబడేది ఎవరు?

మైదానం ముగిసి నల్లమల మొదలయ్యే చోట ఉంది అచ్చంపేట. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూరు, ఉప్పునుంతల మండలాల జనానికి పెద్ద అంగడి ఇదే. పల్లికాయ అమ్ముకోవడానికి మార్కెట్ యార్డుకు వచ్చిన రైతు తిరుగు ప్రయాణంలో ఇంట్లో ముసలివాళ్ళకు బీపీ గోలీలు కొనుక్కుపోతాడు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల అప్పాపూర్, భౌరాపూర్ వంటి పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, ఉండే చెంచులు అడవి దాటి వస్తే తప్ప మందు చీటీ పట్టుకుని నిలబడే చోటు ఉండదు.

ఊళ్ళో ఏరియా ఆసుపత్రి ఉంది. 2022లో నాగర్‌కర్నూల్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా కూలి పోకుండా, వరుసలో నిలబడకుండా పని అయ్యే చోటు మెడికల్ షాపే కాబట్టి చాలామంది ముందు అక్కడికే వస్తారు. ఈ ప్రాంతపు ఏ కౌంటర్ దగ్గరైనా వినిపించే మాట ఇదీ:

“అన్నా, మా పోరగానికి రాత్రి సంది జరమున్నది. ఏదన్న మందియ్యి.”

చదువు తాజాగా ఉన్న ఫార్మసిస్టు మందు తీయడానికి ముందు అడుగుతాడు:

“పిలగానికి ఎన్నేండ్లక్కా? బరువెంతుంటడు? నిన్న ఏమన్న తాపిండ్రా?”

ఆ మూడు ప్రశ్నల్లో ఒక ప్రాణం భద్రత ఉంది. పిల్లల పారాసిటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది. మొన్న వాడిన సీసా ఒకటై, ఈసారి ఇచ్చిన సీసా రెండోదైతే, తల్లి అదే చెంచాతో అంతే పోసినా బిడ్డ ఒంట్లోకి రెట్టింపు మందు పోతుంది. డాక్టరు చీటీ లేని చోట ఈ తేడా చెప్పగలిగింది కౌంటర్ వెనుక మనిషి ఒక్కడే.

వలస ఈ నేలకు కొత్త కాదు. పాలమూరు కూలీలు ముంబయి, పుణె, హైదరాబాద్ కట్టడాల మీద పనిచేసి పండుగకు ఇంటికొస్తారు. జేబులో అక్కడి డాక్టరు రాసిన బీపీ మాత్రల స్ట్రిప్ ఒకటి మడిచి ఉంటుంది. కంపెనీ పేరు వేరు, లోపలి మందు ఒకటే. అది తెలియకుండా ఇక్కడ ఇంకో పేరుతో అదే మందు ఇస్తే బీపీ మాత్ర రెండింతలవుతుంది. నడుము నొప్పికి నెలల తరబడి డైక్లోఫినాక్ మింగే మేస్త్రీకి బీపీ ఉంటే, ఆ మాత్ర అతని కిడ్నీలను దెబ్బతీస్తుందని చెప్పేవాళ్ళు ఉండాలి.

సర్టిఫికెట్ పాతది, మందులు కొత్తవి

2000లో డిప్లొమా పూర్తిచేసి షాపు పెట్టుకున్న ఒక ఫార్మసిస్టును ఊహించుకోండి. ఆ తర్వాత ఈ పాతికేళ్ళలో అతని అలమరాలో, అతని చట్టంలో ఏమేం మారాయో చూడండి.

ఓఆర్ఎస్ పాళ్ళు 2002లో మారాయి. లీటరు నీటికి ఉప్పు, గ్లూకోజ్ తగ్గించిన కొత్త పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేసింది. 2011లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ నిషేధించారు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. పై తరం యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అలవాటు పడే మందులు కలిపి మొదట 46 రకాలకు విడిగా రిజిస్టరు పెట్టాలన్నారు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం అందులో ఎక్కించాలి. ఆ రిజిస్టరును మూడేళ్ళు దాచాలి.

2016లో 344 రకాల మిశ్రమ మందులను కేంద్రం ఒక్కసారిగా నిషేధించింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 2018లో 328 మీద మళ్ళీ నిషేధం వచ్చింది. 2024 ఆగస్టులో ఇంకో 156 ఆ జాబితాలో చేరాయి. 2018లో ట్రమడాల్ నొప్పి మాత్ర మత్తుమందుల చట్టం కిందికి పోయింది. అదే ఏడాది మార్చి నుంచి క్షయ మందులు అమ్మే దుకాణాలు కూడా రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపాలన్న నియమం వచ్చింది. 2023 చివర్లో నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదన్న హెచ్చరిక ఒక జలుబు మిశ్రమం లేబుళ్ళ మీదికెక్కింది. అదే ఏడాది నవంబరులో, నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫినామిక్ ఆసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది.

వీటిలో ఏ ఒక్కటీ అతను పరీక్ష రాసిన పుస్తకాల్లో లేదు. అతను తెలివితక్కువవాడూ కాదు, బాధ్యత లేనివాడూ కాదు. పొద్దున షట్టరు తీస్తే రాత్రి దించేదాకా కౌంటర్ వదలలేని మనిషి అతను. కొత్త సంగతి అతని దగ్గరికి రావాలే గాని, అతను దాన్ని వెతుక్కుంటూ పోయే తీరిక లేదు.

చట్టం పెట్టిన హద్దు

మన దేశంలో ఫార్మసీకి చట్టం కావాలన్న మాట 1931లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా కమిటీ నివేదికలోనే ఉంది. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది భారత ఫార్మసీ మండలి ఏర్పడింది. డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇచ్చే అధికారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే ఉండాలన్నది ఆ చట్టంలోని 42వ సెక్షన్ సారాంశం.

చదివినవాళ్ళు మళ్ళీ చదవాలన్న మాట స్పష్టంగా వచ్చింది మాత్రం 2015 జనవరిలో. ఆ ఏడాది వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఐదేళ్ళలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు, ఒక్కోటి కనీసం ఒక రోజు, హాజరు కావాలన్నాయి. తెల్ల కోటు వేసుకోవాలని, రోగికి మందు పేరు, వాడే తీరు, దుష్ప్రభావాలు, దాచే పద్ధతి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో చెప్పాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

కొత్తగా చదువు ముగించేవారికి గడప గట్టిగానే కట్టారు. డిప్లొమా చేసినవాళ్ళు రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష రాయాలన్న నియమం 2022లో వచ్చింది. గడప దాటాక ముప్పయ్యేళ్ళ ఉద్యోగ జీవితంలో అడిగేది ఐదేళ్ళకు రెండు రోజులు. 

ఇతర దేశాల లెక్క చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఫార్మసిస్టును రెండేళ్ళకు 30 గంటలు చదువు చూపమంటాయి. అక్కడ ఫార్మసీ టెక్నీషియన్ అనేది విడిగా గుర్తింపు ఉన్న ఉద్యోగం. జాతీయ సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే టెక్నీషియన్ కూడా రెండేళ్ళకు 20 గంటలు చదవాలి. ఇక్కడ ఫార్మసీ చదివి అక్కడ లైసెన్సు సంపాదించిన మన తెలుగువాళ్ళకూ ఇదే నియమం. బ్రిటన్‌లో 2018 నుంచి గంటల లెక్క కాకుండా ఇంకో పద్ధతి పెట్టారు. ఏడాదిలో తాను కొత్తగా నేర్చుకున్నది, దానివల్ల రోగికి జరిగిన మేలు రాసి చూపాలి. సాటి వృత్తివారితో ఒకసారి కూర్చుని తన పని గురించి చర్చించాలి. ఈ చర్చ అనే పద్ధతి మనకు ఖర్చు లేనిది, అచ్చంపేటకు సరిగ్గా సరిపోయేది.

కౌంటర్ వెనుక ఉన్నది ఎవరు?

ఈ కథనం రాస్తూ దాటవేయకూడని సంగతి ఒకటుంది. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, మందు ఇచ్చే చేయి ఇంకొకరిది అయిన షాపులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయన్నది అందరికీ తెలుసు. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఊళ్ళో లేని ఫార్మసిస్టుకు ఎన్ని శిక్షణలిచ్చినా రోగికి ఒరిగేది ఏమీ ఉండదు. అద్దె సర్టిఫికెట్ నేరం. దాన్ని ఆపడం ఫార్మసీ మండలి పని, ఔషధ నియంత్రణ అధికారుల పని.

అయితే నిజాయితీగా నడిచే షాపుల్లోనూ ఫార్మసిస్టు పక్కన ఒకరిద్దరు సహాయకులుంటారు. పదో తరగతో ఇంటరో చదివి, పనిలో చేరి, పదేళ్ళలో ఏ మందు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన కుర్రాళ్ళు, అమ్మాయిలు. మన ఫార్మసీ చట్టంలో టెక్నీషియన్ అనే తరగతే లేదు కాబట్టి వీళ్ళకు ఏ శిక్షణా రాసిపెట్టి లేదు. మందు ఇచ్చే అధికారం వాళ్ళకు లేదు, ఉండకూడదు కూడా. కానీ స్ట్రిప్‌లు తీసేది, ఎక్స్‌పైరీ తేదీలు చూసేది, ఫ్రిజ్ తలుపు మూసేది, కవర్ల మీద పూటలు రాసేది వాళ్ళే. “దీన్ని నేనియ్యను, సార్‌ను అడగాలె” అని ఎక్కడ ఆగాలో వాళ్ళకు నేర్పడం ఏ శిక్షణలోనైనా మొదటి పాఠం కావాలి.

అచ్చంపేటకు కావలసిన పాఠాలు

హైదరాబాద్ హోటల్లో జరిగే సదస్సు కొత్త క్యాన్సర్ మందుల గురించి చెబుతుంది. అదీ అవసరమే. అచ్చంపేట కౌంటర్‌కు ముందు కావలసినవి వేరు.

పాము కాటు మొదటిది. అడవీ చేనూ కలిసిన చోట వానాకాలం అంతా ఈ భయం ఉంటుంది. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఎక్కించాలి. షాపుకు వచ్చిన మనిషికి టీటీ సూది, నొప్పి గోలీ ఇచ్చి కూర్చోబెడితే పోయేది కాలం. పింజర కాటుకు రక్తం గడ్డకట్టదు. దాని మీద డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్ర పడితే రక్తస్రావం పెరుగుతుంది. గట్టిగా కట్టు కట్టకుండా, కోయకుండా, కదలకుండా ఏరియా ఆసుపత్రికి పంపడమే ఫార్మసిస్టు చేయగల మేలు. పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రకటించింది. ఆ లక్ష్యానికి నల్లమల అంచున ఉన్న మెడికల్ షాపులను కలుపుకోకపోతే ఎలా?

రెండోది ఇన్సులిన్. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. కరెంటు పోయే ఎండాకాలంలో షాపు ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి రోజుకు రెండుసార్లు రాసిపెట్టడం నేర్పాలి. ఇంట్లో ఫ్రిజ్ లేని రోగి తెరిచిన సీసాను ఎండ తగలని చల్లటి చోట ఉంచుకుని నాలుగు వారాల్లో వాడేయాలని చెప్పాలి.

మూడోది కీళ్ళవాతానికి రాసే మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర. చీటీ సరిగ్గా చదవక రోజూ వేసుకోమని ఇస్తే మనిషి ప్రాణం పోతుంది. కవర్ మీద వారం పేరు పెద్దగా రాసి, రోగి చేత తిరిగి చెప్పించి పంపాలి.

నాలుగోది క్షయ. ఆరు నెలల మందు మధ్యలో ఆపొద్దని, రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, అదే మందు గర్భనిరోధక మాత్రల పని తగ్గిస్తుందని చెప్పాలి. ప్రభుత్వం పోషకాహారానికి నెలకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైందన్న సంగతి కూడా కౌంటర్ దగ్గరే తెలియాలి. వలస పోయే కూలీకి చికిత్స ఆగకుండా ఎక్కడ నమోదు మార్పించుకోవాలో చెప్పాలి.

ఐదోది రక్తహీనత. గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. మలం నల్లగా రావడం మామూలే. ఈ మూడు మాటలు చెప్పకపోతే ఆమె రెండో రోజుకే మాత్రలు గూట్లో పెట్టేస్తుంది.

వీటన్నిటికీ ముందు మాట్లాడే పద్ధతి నేర్పాలి. చదువు రాని అవ్వకు కవర్ మీద పొద్దు బొమ్మ, చందమామ బొమ్మ గీసి ఇవ్వాలి. “తిన్నంక ఒకటి, పండుకునేటప్పుడు ఒకటి. ఎట్లేసుకుంటవో ఒకసారి చెప్పవ్వా” అని అడగాలి. ఆమె తప్పు చెబితే మళ్ళీ చెప్పాలి. పాఠాల కాగితాలు తెలుగులో ఉండాలి. మందుల పేర్లు ఇంగ్లీషువే కావచ్చు, రోగితో జరిగే మాటంతా తెలుగే కదా.

నెలకో పూట

దీనికి పెద్ద భవనం, పెద్ద బడ్జెట్ అవసరం లేదు. ఏరియా ఆసుపత్రిలో ఒక గది, నెలకో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. ప్రభుత్వ ఫార్మసిస్టులు, పీహెచ్‌సీల వాళ్ళు, మెడికల్ షాపుల వాళ్ళు ఒకే గదిలో కూర్చోవాలి. నాగర్‌కర్నూల్ వైద్య కళాశాల నుంచి ఒక డాక్టరు, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాల నుంచి ఒక అధ్యాపకుడు వంతులవారీగా రావచ్చు. చెంచు పెంటల ఆరోగ్యం గురించి మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సిబ్బంది కంటే బాగా చెప్పగలిగిన వాళ్ళు ఎవరు?

మొదటి అరగంట ఆ నెలలో వచ్చిన నిషేధాలు, హెచ్చరికలు. తర్వాత గంట ఒకే పాఠం. చివరి అరగంట బ్రిటన్ పద్ధతిలో చర్చ: ఈ నెల నీ కౌంటర్ దగ్గర ఏ తప్పు జరగబోయింది, ఎలా ఆపావు? పేర్లు రాయకుండా, నింద లేకుండా మాట్లాడుకోవాలి. రాష్ట్ర ఫార్మసీ మండలి ఈ హాజరును రిఫ్రెషర్ కోర్సు కింద లెక్కిస్తే ఎవరూ బలవంతం చేయక్కర్లేదు. సహాయకులకు మూడు నెలలకోసారి విడిగా ఒక పూట పెట్టాలి. షాపు యజమానులు ఆ పూటకు జీతం కోయకూడదు.

మందు వికటించినట్టు అనుమానం వస్తే దాన్ని రాసి పంపడం కూడా ఆ గదిలోనే నేర్పాలి. 2010 నుంచి దేశమంతా నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫార్మసిస్టు నేరుగా సమాచారం ఇవ్వొచ్చు. నల్లమల నుంచి వెళ్ళే ఒక్క ఫారం ఎక్కడో ఒక చెడ్డ బ్యాచ్‌ను ముందుగా పట్టించవచ్చు.

మందు కొనేటప్పుడు మీరు అడగండి

• షాపులో ఫార్మసిస్టు ఉన్నారా? ఉంటే వారి చేతి మీదుగానే మందు తీసుకోండి.
• పిల్లల సిరప్ అయితే బిడ్డ వయసు, బరువు మీరే ముందు చెప్పండి. ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకోండి.
• ఇప్పటికే వాడుతున్న స్ట్రిప్‌లన్నీ వెంట తీసుకెళ్ళి చూపండి.
• ఎర్ర గీత ఉన్న స్ట్రిప్‌ను డాక్టరు చీటీ లేకుండా అడగకండి, ఇచ్చినా తీసుకోకండి.
• బిల్లు తీసుకోండి. బ్యాచ్ నంబరు అందులోనే ఉంటుంది.
• మందు మీద అనుమానం వస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969. మందు వికటిస్తే ఫార్మకోవిజిలెన్స్ నంబరు 1800-180-3024.

ఏటా సెప్టెంబరు 25న ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం జరుపుకుంటాం. ఈసారి ఆ రోజున దండలూ శాలువాలూ పక్కన పెట్టి అచ్చంపేటలో మొదటి పాఠం పెట్టండి. ఫార్మసీ మండలి పెద్దలారా, మీ జాబితాలో ఈ ఊరి పేరు చేర్చండి. షాపు యజమానులారా, నెలలో ఆ రెండు గంటలు షట్టరు సగం దించండి. పోయే బేరం కంటే నిలిచే నమ్మకం పెద్దది. ఫార్మసిస్టు తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీరు అడిగే ఒక్క ప్రశ్న ఒక బిడ్డను కాపాడుతుంది. ఆ ప్రశ్న అడగాలంటే మీ చదువు ఆగకూడదు. ఐదేళ్ళకు రెండు రోజులన్నది చట్టం గీసిన కనీస హద్దు. నల్లమల జనానికి అది చాలదు. నెలకో పూట కావాలి, అది ఈ ఏడాదే మొదలు కావాలి.